మాటు వేసిన పడవ

ఇప్పటి పిల్లలు విని ఉండకపోవచ్చును గాని, "బిందెలకు మాట్లు వేస్తాం" అని కేకవేస్తూ వీధి వెంట పోయే మనిషి మన ఊళ్ళలో ఒకప్పుడు సామాన్య దృశ్యం. ఆయన సంచిలో నాలుగు రేకుముక్కలు, ఒక సుత్తి, ఒక కత్తెర, ఒక చిన్న దాగలి ఉండేవి. చిల్లు పడిన పాత్రను దాగలి మీద బోర్లించి, చిల్లు చుట్టూ మకిలి గీకి, రేకుముక్కను ఆనించి, అంచులు అణగగొట్టి, నీళ్ళు పోసి చూపించిన తరువాతనే డబ్బు పుచ్చుకొనేవాడు. గుడ్డకు వేసేది అతుకు, లోహానికి వేసేది మాటు. ఈ భేదాన్ని మన వీధులు పాటించినంత శ్రద్ధగా మన పుస్తకాలు పాటించలేదు.

ఆ మాట్లవాని చేతికి ఎక్కువగా వచ్చేవి సత్తుగిన్నెలు. కొన్నిచోట్ల వాటినే సిలవరు గిన్నెలంటారు. పేరేదైనా లోహం అల్యూమినియమే. ఆ లోహంతోనే పడవలు కూడ చేస్తారని, అవి పాతబడినప్పుడు వాటికి కూడ సరిగా ఇదే వైద్యం జరుగుతుందని చెప్పుటకే ఈ ప్రసంగం. ఆలోచిస్తే పడవ కూడ ఒక పాత్రయే. బిందె నీటిని లోపల ఉంచుతుంది, పడవ నీటిని వెలుపల ఉంచుతుంది. చిల్లుకు మాత్రం ఈ భేదం తెలియదు.

ఇనుముతో పోల్చితే అల్యూమినియం నిన్నమొన్నటి లోహం. మన్నులో దానికి కొదవలేదు. ప్రాణవాయువుతో అది పెనవేసుకొని ఉండే తీరు అంత గట్టిది గనుక విడదీయుటే కష్టమైనది. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభానికి శిఖరంగా మూడు కిలోలకు కొంచెం తక్కువ బరువు గల అల్యూమినియం ముక్కను అమర్చినారంటే, అప్పటికి అది ఎంత అపురూపమో ఊహించవచ్చును. రెండేండ్లు తిరగకుండానే, 1886లో, అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూల్ అనే ఇద్దరు యువకులు ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా విద్యుత్తుతో దానిని చౌకగా తీసే పద్ధతిని కనిపెట్టినారు. ఇద్దరూ పుట్టినది 1863లో, ఇద్దరూ గతించినది 1914లో. చరిత్ర ఇటువంటి జంటలను తరచుగా కట్టదు.

అయితే చేపలు పట్టే సామాన్యుని వాకిటికి ఈ లోహం చేరుటకు ఒక మహాయుద్ధం కావలసివచ్చినది. రెండవ ప్రపంచయుద్ధంలో న్యూయార్కు సమీపాన ఉన్న గ్రమ్మన్ కర్మాగారం హెల్‌క్యాట్ అనే యుద్ధవిమానాలను 12 వేలకు పైగా తయారుచేసినది. విమానపు ఒడలంతా పలుచని అల్యూమినియం రేకులు, వాటిని కలిపే రివెట్లు. యుద్ధం ముగియవచ్చినప్పుడు ఆ యంత్రాలు, ఆ చేతులు ఏం చేయవలె? ఆ సంస్థలోని విలియం హాఫ్‌మన్ అనే అధికారి 1944లో అరణ్యసరస్సుల యాత్రకు పోయి, కర్రతోను గుడ్డతోను చేసిన బరువైన పడవను భుజాన మోసి మోసి విసిగి, మన రేకుతోనే పడవ చేస్తే ఏమని ప్రశ్నించినాడట. 1945లో ఆ పడవలు అమ్మకానికి వచ్చినవి. మరుసటి ఏడు మిన్నియాపొలిస్ నగరంలో, యుద్ధకాలంలో విమాన భాగాలు చేసిన ఒక అలంకార ఇనుపపనుల కర్మాగారం అల్యూమాక్రాఫ్ట్ పేరిట పడవలు మొదలుపెట్టినది. 1948లో అదే రాష్ట్రంలో న్యూయార్క్ మిల్స్ అనే చిన్న ఊరిలో హోవర్డ్ లుండ్ అనే ఆయన బాతుల వేట కోసం తన ఇంట ఒక పడవ చేసుకొంటే, అది చూసి అడిగినవారి కొరకు చేయగా చేయగా అదొక పరిశ్రమ అయినది.

ఆ రాష్ట్రమే మిన్నెసోటా. పది ఎకరాలకు మించిన సరస్సులే అక్కడ 11,842 ఉన్నవని వారి లెక్క. ధనికునికి పెద్ద పడవ, దానిని నిలుపుకొనుటకు ఒడ్డున రేవు ఉంటవి. పధ్నాలుగు అడుగుల అల్యూమినియం పడవకు అవేమీ అక్కరలేదు. బరువు వంద కిలోలకు అటుఇటు, రేకు మందం ఒకటిన్నర మిల్లీమీటరు. ఇద్దరు పట్టి ఎత్తవచ్చును. చిన్న బండి మీద కట్టుకొని ఏ సరస్సుకైనా పోవచ్చును. బండ్లు ఓడల మీదికి, ఓడలు బండ్ల మీదికి వస్తవని మన సామెత. అందులో రెండవ సగం అక్కడ ప్రతి శనివారం రోడ్డు మీద కనిపిస్తుంది. నీటి మీద హక్కు డబ్బున్నవారికే మిగలకుండ చేసినది ఈ రేకుపడవ అని నా అభిప్రాయం.

2019 వసంతంలో మా అమ్మాయి ఇంట కొన్ని నెలలు ఉన్నప్పుడు అటువంటి పడవ ఒకటి బాగుపడుటను నేను దగ్గర ఉండి చూసినాను. మా అల్లుడు దానిని ఒక వృద్ధుని వద్ద స్వల్పమైన వెలకు కొన్నాడు. 1970కి ముందటిది, రంగు వెలిసినది, ఒక తరం వారి చేపల పొలుసులు ఇంకా సందులలో ఉన్నవి. ఇరుగింట ఒక రిటైరైన యంత్రపు పనివాడున్నాడు. డెబ్బది దాటినవాడు, మితభాషి. ఆయన గోడ దాటి వచ్చి, పడవ చుట్టూ ఒకసారి తిరిగి, వ్రేళ్ళ కణుపులతో అక్కడక్కడ తట్టి, "అల్యూమినియం కుళ్ళదు. మిగతాదంతా కుళ్ళుతుంది" అన్నాడు. తరువాత మూడు వారాలు జరిగినది ఈ రెండు ముక్కలకు వ్యాఖ్యానమే.

మొదటి పని, పడవను నీటిలోకి దింపుట కాదు, నీటిని పడవలోకి దింపుట. బండి మీద ఉన్న పడవ అడుగున కర్రదిమ్మెలు చేర్చి, గొట్టంతో లోపల నీరు నింపినారు. ఎక్కువ పోయరాదు. నాలుగంగుళాల లోతుకే బరువు పావుటన్ను దాటుతుంది. నీటి మీద నాలుగువైపులా సమంగా ఆధారం ఉండే రేకు, బండి మీద రెండు మూడు చోట్ల మాత్రమే ఆని ఉంటుంది గనుక వంగిపోతుంది. నీరు పోసి అందరం పడవ క్రింద కూర్చున్నాము. కొంతసేపటికి ఒకచోట చుక్క, మరొకచోట చెమ్మ, వేరొకచోట సన్నని ధార. నా మనుమరాలు ఎర్రని మైనపు సుద్దతో ప్రతి చుక్క చుట్టూ ఒక సున్న చుట్టినది. పంతొమ్మిది సున్నలు.

ఆ కారేదంతా రివెట్ల వద్దనే. రేకు మీద ఒక్క చిల్లు లేదు. కారణం తెలుసుకొనదగినది. అల మీద పడవ పోయినప్పుడు రేకు కొంచెం కొంచెంగా ఊగుతుంది. ఆ ఊపు యాభై ఏండ్లు సాగితే గుండ్రని రంధ్రం కోలగా మారి, రివెట్టు వదులవుతుంది. మన కోరమండల తీరంలో అలల గండి దాటే పాతకాలపు పడవలకు మేకులే ఉండేవి కావు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టేవారు. కుట్టిన పడవ అలకు లొంగి బ్రతికేది, మేకులు కొట్టిన పడవ ఎదిరించి పగిలేది. సముద్రపు తెప్ప సంగతి ఇంకా వేరు. అది దుంగల కట్ట, పాత్ర కాదు, దానికి చిల్లన్న మాటే లేదు. కాని నీరు త్రాగి బరువెక్కుతుంది గనుక ఒడ్డుకు చేర్చి కట్లు విప్పి ఆరబెట్టవలసినదే. కొల్లేటిలో తాటిబోదెను తొలిచి చేసే దోనెకు అతుకులు లేకపోయినా ఎండకు నెర్రె పడే భయమున్నది. ఏ పదార్థానికి తగిన రోగం దానికున్నది. రివెట్టు పడవకు వచ్చేది కీళ్ళ జబ్బు.

వదులైన రివెట్టును బిగించుటకు ఇద్దరు కావలె. వెలుపల రివెట్టు గుండుకు బరువైన ఇనుపదిమ్మెను ఆనించి ఒకరు పట్టుకోవలె. లోపలి నుండి దాని తోకను రెండవవారు సుత్తితో కొట్టవలె. అదే దాగలి, అదే సుత్తి, మాట్లవాని సంచిలోనివే. కొట్టేవారికి పట్టేవారు కనిపించరు, మధ్య రేకు అడ్డం. దిమ్మె సరిగా ఆనకపోతే దెబ్బ డొల్లగా మోగుతుంది, ఆనితే గట్టిగా, పొట్టిగా పలుకుతుంది. పదకొండేండ్ల మనుమడు దిమ్మె పట్టినాడు, తండ్రి లోపల కూర్చుని కొట్టినాడు. మొదటి గంట ఇద్దరికీ తగవే. సాయంకాలానికి ఒకటి తట్టితే "సిద్ధం" అని, రెండు తట్టితే "ఆపు" అని ఒక భాష ఏర్పడినది. తండ్రీకొడుకులు అంతసేపు ఒకే పని మీద ఉండుట ఆ ఏడు అదే మొదలని మా అమ్మాయి నాతో అన్నది.

పదమూడు రివెట్లు దెబ్బకు బిగిసినవి. ఆరింటి రంధ్రాలు మరీ కోలవైనందున వాటిని తొలిచి తీసివేసి, ఒక పరిమాణం పెద్దవి వేయవలసివచ్చినది. పాత యజమానులలో ఎవరో రెండు మూడు చోట్ల సిలికోను జిగురు మందంగా పూసి ఉన్నారు. అది నీటిని కొంతకాలం ఆపుతుంది గాని, ఆ తరువాత ఆ చోట మరే మందునూ అంటనీయదు. దానిని గీకి శుభ్రం చేయుటకు రివెట్టు వేయుటకంటె ఎక్కువ సమయం పట్టినది.

ఇంత శ్రమ ఎందుకు, అతికించరాదా అని విద్యార్థులు అడుగవచ్చును. పలుచని అల్యూమినియంను అతికించుట నేర్పరులకే కష్టం. ఆ లోహం 660 డిగ్రీల వద్ద కరుగుతుంది. దాని పైన గాలి వలన సహజంగా ఏర్పడే ఆక్సైడు పొర రెండు వేల డిగ్రీలు దాటితే గాని కరగదు. పై చర్మం చెక్కుచెదరకుండ ఉండగానే లోపలి మాంసం కరిగి జారిపోతుంది. ఇనుమువలె ఎర్రబడి ముందుగా హెచ్చరించదు కూడ. ఆ పొరే ఈ లోహానికి కవచం, ఆ పొరే మరమ్మతు చేసేవానికి శత్రువు.

ఇంతకూ అసలు ప్రమాదం కారే చోట లేదు. పడవ వెనుక భాగాన్ని మన పడవవారు అమరం అంటారు, ముందు భాగాన్ని అణియం అంటారు. చక్కని మాటలు, వాడుకలో నిలుపుకోదగినవి. ఈ రేకుపడవకు ఇంజను తగిలించేది అమరానికే. రేకు ఒక్కటే ఆ భారం మోయలేదు గనుక లోపల ఒకటిన్నర అంగుళం మందం గల చెక్క పలకను అమర్చి, దాని మీద రేకు తొడిగి ఉంటారు. పైకి అంతా మెరిసే లోహమే కనిపిస్తుంది. ఇరుగింటి ఆయన అక్కడ ఉన్న ఒక మరను విప్పి, ఆ రంధ్రంలో స్క్రూడ్రైవరు మొన పెట్టి చేతితోనే నెట్టినాడు. అది పాతబెల్లంలో దిగినట్లు పిడివరకు దిగినది. వెలికి తీస్తే మొనకు నల్లని తడిపొట్టు అంటుకొని వచ్చినది.

ఎవరూ మాట్లాడలేదు. పదిహేను గుర్రాల శక్తి గల ఇంజను పడవనంతటినీ నెట్టేది ఆ ఒక్క పలక ద్వారానే. సరస్సు మధ్య అది విరిగితే ఇంజను అడుగుకు పోతుంది; అమరం తెరుచుకొని నీరు లోపలికి వస్తుంది. చేపల కాలం మొదలయ్యే మే రెండవ వారంలో ఆ సరస్సుల నీరు పది డిగ్రీల అటుఇటు ఉంటుంది. ఆ చలిలో ఈత వచ్చినవాని చేతులు కూడ కొద్ది నిముషాలలో మాట వినవు. పిల్లలను ఎక్కించుటకు కొన్న పడవ అది. మా అల్లుడు ఆ రాత్రి, "మామయ్యగారూ, అమ్మేసి కొత్తది కొందామా?" అన్నాడు. నేను జవాబు చెప్పే అవసరం రాలేదు. మరునాడు పొద్దున్నే ఇరుగింటి ఆయన బరమాతో వచ్చి, అమరం అంచున ఉన్న రివెట్లను వరుసగా తొలుచుట మొదలుపెట్టినాడు.

పాత పలక ముక్కలుముక్కలుగా వచ్చినది. ఆ ముక్కలనే కాగితం మీద పేర్చి, అంచు గీచి, కొత్త పలకకు నమూనా చేసినారు. ఇక కొత్త చెక్క ఏది? అక్కడి కలప దుకాణాలలో ఆకుపచ్చ ఛాయ గల చెక్క దొరుకుతుంది; మందు పట్టించినది, కుళ్ళదు, చౌక. అల్లుడు దానినే తెద్దామన్నాడు. ఇరుగింటి ఆయన అంత గట్టిగా తల అడ్డంగా త్రిప్పుట నేను మరెన్నడూ చూడలేదు. 2003తో అమెరికాలో ఇండ్ల వాడుకకు ఆర్సెనిక్ మందు పట్టించిన కలప ఆగిపోయినది. ఆ తరువాత వచ్చినదానిలో రాగి పాలు హెచ్చు. రాగి, అల్యూమినియం తడిలో ఒకదానినొకటి తాకితే చిన్న విద్యుత్కోశం ఏర్పడి అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది. పడవ అడుగున పడి మరచిన ఒక్క రాగి పైస కూడ కాలక్రమాన రేకుకు తూటు పొడవగలదు. అమెరికా సెంటు నాణెం 1982 వరకు తొంబది అయిదు పాళ్ళు రాగియే. అందుచేతనే ఆ వృద్ధుడు తన పడవ ఎక్కేవారి జేబులు తడిమి చూస్తాడట. ఇది చిన్నవారి పొరపాటు మాత్రమే కాదు. 1895లో అమెరికా కప్పు పందెం కొరకు హెరెషాఫ్ అనే మహాశిల్పి డిఫెండరు అనే నౌకను, నీటి అడుగు భాగం కంచుతోను పై భాగం అల్యూమినియంతోను కట్టినాడు. పందెం గెలిచినది. ఉప్పునీరు ఆ రెండు లోహాల మధ్య తన పని తాను చేసుకొనిపోగా 1901లో దానిని విరిచివేసినారు.

కనుక మందు పట్టని చెక్కే తెచ్చినారు. నీటికి ఊడని జిగురుతో చేసిన ముప్పాతిక అంగుళపు ప్లైవుడ్ రెండు పలకలను ఒకటిగా అంటించి, కోసి, మూడు పూతలు ఎపాక్సీ పూసినారు. చెక్క నీరు త్రాగేది ముఖం నుండి కాదు, అంచు నుండి. బొల్టు రంధ్రాల విషయంలో ఆయన చేసిన పని నాకు మరీ నచ్చినది. కావలసినదానికంటె పెద్ద రంధ్రం తొలిచి, దానిని ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత ఆ నడుమ అసలు రంధ్రం తొలిచినాడు. ఇప్పుడు బొల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, రాయివంటి జిగురు. నీరు వచ్చినా చెక్కను తాకదు. ఈ పనిని ఎవరూ చూడరు. రేకు తొడిగి రివెట్లు కొట్టిన తరువాత ఆ పలకను చూసే కన్ను మళ్ళీ ఇంకొక యాభై ఏండ్లకు గాని ఉండదు.

బల్లల క్రింద తెల్లని నురగదిమ్మెలు ఉన్నవి. అల్యూమినియం నీటికి 2.7 రెట్లు బరువు. పడవ ఆకారంలో ఉన్నంతసేపే తేలుతుంది, నిండితే మునుగుతుంది. మునగకుండ పట్టుకొనేది ఆ నురగ. ఎత్తి చూస్తే ఒక దిమ్మె నీరు పీల్చి బండరాయి అయి ఉన్నది, ఇంకొకటి ఎప్పుడో ఒలికిన పెట్రోలుకు సగం కరిగి ఉన్నది. రెండూ మార్చినారు. నిండినా మనుషులను మోస్తూ మట్టంగా తేలేంత నురగ ఇటువంటి ఇంజను పడవలకు ఉండవలెనని అమెరికా ప్రభుత్వం 1978లో నియమం పెట్టినది. ఎందరిని ఎక్కించవచ్చునో తెలిపే పలక అంతకు ముందే, 1972 చివర నుండి, తప్పనిసరి అయినది. ఈ పడవ అంతకంటె పాతది, పలక లేదు. దానికొక లెక్క ఉన్నది. పొడవును వెడల్పుతో గుణించి, అడుగులలోనే, 15తో భాగించవలె. పధ్నాలుగు ఇంటు అయిదు, డెబ్బది; పదిహేనుతో భాగిస్తే నాలుగున్నర దాటుతుంది. భిన్నాన్ని వదిలివేయవలె. నలుగురు.

ఆ నలుగురు ఎవరన్నది వెంటనే తేలినది. అల్లుడు, పిల్లలిద్దరు, ఇరుగింటి ఆయన. మే 11, చేపల కాలం తొలిరోజున, నేను ఒడ్డున కుర్చీ వేసుకొని కూర్చున్నాను. నా వంతు మరునాడు సాయంకాలం వచ్చినది; ఇప్పుడు చెప్పబోయేది ఆనాటిది.

ఆ రాష్ట్రంవారు ఆరాధించే చేప వాలై. 1965లో దానిని రాష్ట్ర మత్స్యంగా ప్రకటించినారు. బంగారు ఛాయ కలిసిన ఆకుపచ్చ ఒళ్ళు, పెద్ద కన్ను. రాత్రి దీపం వేస్తే ఆ కన్ను పిల్లికన్నువలె వెలుగుతుంది. కంటి వెనుక ఉన్న ఒక పొర, లోపలికి వచ్చిన కొద్ది వెలుతురును మళ్ళీ చూపు మీదికే త్రిప్పి కొడుతుంది. అందుచేత మసకలో వాలైకి కనిపించినట్లు దాని ఆహారమైన చిన్న చేపలకు కనిపించదు. అది ఆ తేడా మీద బ్రతికే జీవి. కనుక పట్టేవారు కూడ పొద్దు వాలే వేళను, మబ్బు పట్టిన దినాన్ని, గాలికి నీటి మీద ముడుతలు లేచే సమయాన్ని కోరుకుంటారు.

ఎర జలగ. మనం తిట్టుగా వాడే ఆ ప్రాణిని అక్కడ డజన్ల లెక్కన కొంటారు. సీసపు తల గల గాలానికి దానిని తగిలించి, అడుగుకు వదలి, జానెడు పైకి లేపి, మళ్ళీ వదలుతూ ఉండవలె. తేలికపడవను గాలి త్రోసుకొనిపోతుంది, అంత వేగానికి వాలై ఎర ముట్టదు. ఇరుగింటి ఆయన ఇంజనును వెనుకకు త్రిప్పి, అమరమే ముందుగా, గాలికి ఎదురుగా, చీమనడకన పడవను నడిపినాడు. చిన్న అలలు నేరుగా అమరానికి కొట్టుకొంటున్నవి. కొత్త పలక ఉన్న చోటనే. ఒక్కొక్క అలకు ఆయన అరచేతిని ఆ అంచు మీద ఆనించి ఉంచుట నేను గమనించినాను. ఇంజను పిడి మీద ఒక చేయి, పలక మీద ఒక చేయి.

రేకుపడవలో ఇంకొక ఇబ్బంది శబ్దం. ఒడలంతా డోలు. మనుమరాలి చేతిలోని పట్టకారు జారి అడుగున పడితే సరస్సంతా వినిపించినట్లు మోగినది. శబ్దం గాలిలోకంటె నీటిలో నాలుగు రెట్లు వేగంగా పోతుంది. ఆ తరువాత ఇరవై నిముషాలు ఏ చేప మా దరికి రాలేదు. రబ్బరు చాప ఎందుకు పరచవలెనో ఎవరూ పిల్లకు వివరించవలసిన పని లేకపోయినది.

పొద్దు చెట్ల వెనుకకు పోయిన తరువాత వచ్చినది మొదటి తాకిడి. గుంజుట కాదు, గడ్డిపరక ఒరసుకొన్నంత. దారం కొంచెం బరువైనది, అంతే. మనుమరాలు ఊపిరి బిగబట్టి, ఒకటి రెండు లెక్కించి, కర్ర ఎత్తినది. చేప అడుగుకు దిగింది, పడవ క్రిందికి తిరిగింది, రెండుసార్లు దారం లాగుకొనిపోయినది. చివరకు చేతివలలోకి వచ్చినది పదహారంగుళాల వాలై. కన్ను మసకలో వెండిబిళ్ళవలె ఉన్నది. పిల్ల మొదట అన్న మాట, "తాతయ్యా, ఇది మన పడవలో పడింది!" అని. నేను పట్టినాను అనలేదు.

ఇరుగింటి ఆయన ఆ సంబరంలో ఉండగానే వంగి, అడుగు చాప ఎత్తి, చేతిదీపం వేసి చూసినాడు. అణియం దగ్గర ఒక రివెట్టు ఇంకా చెమరుస్తున్నది. రెండు గంటలలో వచ్చిన నీరు గట్టిగా ఒక గ్లాసు. స్పంజితో పీల్చి బయట పిండినాడు. ఆ రివెట్టును రేపే తీసివేద్దామన్నాడు అల్లుడు. "ఉండనీ. పూర్తిగా ఎండిన పడవలో మనిషి క్రిందికి చూడడు" అన్నాడాయన.

చేపను ఆయన పిండిలో దొర్లించి వేయించవలెనన్నాడు. మా అమ్మాయి సగం ఆయనకిచ్చి సగం చింతపండు పులుసు పెట్టినది. ముండ్లు తక్కువ, తెల్లని కండ, పులుసుకు కొంచెం చప్పన. నా మాటకేమి గాని, ఆయన పులుసును మూడుసార్లు వడ్డించుకొన్నాడు.

ఆ రాష్ట్రంలో పడవను నీటి నుండి తీసిన వెంటనే అడుగు బిరడా ఊడదీసి, లోపలి నీరంతా కార్చి, బిరడా తీసిన పడవనే రోడ్డు మీద నడపవలెనని చట్టం. కాస్పియను ప్రాంతపు చారల ఆలుచిప్ప ఒకటి ఓడల నీటిలో వచ్చి, 1988లో మహాసరస్సుల ప్రాంతంలో కనిపించి, అక్కడ నుండి ఊరూరి సరస్సుకు ఇటువంటి పడవల అడుగున మిగిలిన దోసెడు నీటిలో ప్రయాణం చేసినది. ఈ నియమానికి ఒక ఉపఫలం ఉన్నది. బిరడా మళ్ళీ పెట్టుట మరచి పడవను నీటిలోకి దింపినవారి కథలు ప్రతి రేవులోను వినిపిస్తవి. మా పడవ పాత బిరడా ఇత్తడిది. ఇత్తడిలో ఉన్నది రాగియే గదా అని దానిని తీసివేసి రబ్బరుది పెట్టినారు.

నవంబరులో మంచు పడకముందే పడవను రెండు దిమ్మెల మీద బోర్లించి, అణియం కొంచెం క్రిందికి ఉండునట్లు వాలుగా నిలిపినారట. సందులలో నీరు నిలిస్తే గడ్డకట్టినప్పుడు తొమ్మిది పాళ్ళు పెరిగి, బిగించిన కీళ్ళనే మళ్ళీ విప్పుతుంది. జనవరిలో మనుమడు ఫోనులో పడవ మీద రెండడుగుల మంచు ఉన్నదని, బోర్లించక ముందు చెల్లెలు ఆ ఒక్క రివెట్టు చుట్టూ ఎర్రసుద్దతో మళ్ళీ సున్న చుట్టి ఉంచినదని చెప్పినాడు. ఏప్రిల్‌లో నీళ్ళు పోసి చూస్తారట.